మూల మిషను ఎందుకు మొరాయించింది

మిషన్లకు పగ ఉండదని మేస్త్రికి తెలుసు. మనుషులకు ఉంటుందని ఇంకా బాగా తెలుసు. అందుకే ఆ మూల మిషను బాగుచేసిన వారం తిరక్కుండానే మళ్ళీ పడకేసిందని ఫోనొచ్చినప్పుడు, "ఇది మిషను పని కాదు. నా నోటికాడి కూడు లాగేసే పని" అని పైకే అన్నాడు.

"ఎవరండీ అంత పనిలేనివాళ్ళు?" అంది భార్య.

"ఇంకెవరు? మీ తమ్ముడే. వాడి స్నేహితుడెవడో కొత్తగా మిషన్ల పని నేర్చాడట. నన్ను పనికిరానివాణ్ణి చేస్తే వాణ్ణి దింపొచ్చు."

"మీకు అద్దంలో మీ మొహం కనిపించినా, వీడెవడు నా ఇంట్లోకొచ్చాడు అంటారు. వెళ్ళి చూసుకోండి."

ఆయన కుట్టుమిషన్ల మేస్త్రి. ఇళ్ళల్లో తొక్కేవి కాదు, ఫ్యాక్టరీల్లో కరెంటుతో నడిచేవి. మిషను ముందు కూర్చోగానే తల వంచి, చెవిని బల్లకి ఆనించి, కళ్ళు మూసుకుని చప్పుడు వినేవాడు. ఎక్కడ అరిగింది, ఎక్కడ వదులైంది ఆ చెవికే తెలిసేది. అందుకే అందరూ చెవుల మేస్త్రి అనేవాళ్ళు. వినేముందు ఒక అలవాటుంది ఆయనకు. మిషను మీద కూర్చున్న మనిషిని లేపేస్తాడు. "లే, దూరంగా జరుగు. నీ ఊపిరి చప్పుడు కూడా నాకొద్దు" అంటాడు. పెడల్ తనే తొక్కుకుంటాడు.

ఆ ఫ్యాక్టరీలో స్కూలు సంచులు కుడతారు. బయటిదేశాల పిల్లలు వీపున వేసుకుని తిరిగే ఖరీదైన సంచులు. రోడ్డు మీదున్న పెద్ద బిల్డింగులో అంతా శుభ్రంగా ఉంటుంది. ఫ్యాన్లు, కిటికీలు, గుమ్మం బయట చెప్పుల గుట్ట. అయితే ఆ సంచులకు భుజాన వేసుకునే పట్టీలుంటాయే, అవి మాత్రం అక్కడ కుట్టరు. ఊరి చివర మూతబడ్డ పాత ఐసు ఫ్యాక్టరీలో కుడతారు. ఆ షెడ్డు మీద పెత్తనం మేస్త్రి బావమరిదిది. ఐసు కరగకుండా కట్టిన గోడలు కదా, మందంగా ఉంటాయి. కిటికీ అన్నది లేదు. లోపల అరిచినా బయటికి రాదు. ఆ సంగతి అప్పటికి మేస్త్రి బుర్రకి తట్టలేదు.

బుర్రకి తట్టింది వేరేది. షెడ్డు గుమ్మం దగ్గర చెప్పుల్లేవు.

లోపల పాతిక మందికి పైగా ఆడవాళ్ళు. వేరే ప్రాంతం నుంచి తెచ్చారట, షెడ్డు వెనకే పడకలట. అందరి కాళ్ళూ బోసిగా ఉన్నాయి. గుమ్మం దగ్గర ఒక్క జత లేదు.

"ఏరా, వీళ్ళ చెప్పులేవి?" అని అడిగాడు.

"నువ్వు చూడొచ్చింది మిషన్నా, ఆడవాళ్ళ కాళ్ళనా బావా? అక్కకి చెప్పనా?" అని బావమరిది పకపకా నవ్వాడు. మేస్త్రి మొహం ఎర్రబడింది. నవ్వుతో నోరు మూయించడం ఆ కుర్రవాడికి బాగా చేతనవును.

మూల మిషను మీద ఒక సన్నపాటి పిల్ల. పద్దెనిమిదో పందొమ్మిదో ఉంటాయి. మేస్త్రి దగ్గరికి రాగానే ఆ పిల్ల పెదాలు కదిలాయి. ఏదో గొణిగింది.

"లే, జరుగు" అన్నాడు అలవాటు ప్రకారం.

లేవలేదు. మళ్ళీ గొణిగింది.

"లేవమంటే ఏమిటా సణుగుడు? మిషను పాడుచేసింది కాక తిట్లు కూడానా?"

బావమరిది ఇటు తిరిగాడు. పిల్ల చటుక్కున లేచి గోడకంటుకుపోయింది. మేస్త్రి చెవి ఆనించి విన్నాడు. హుక్కు దగ్గర స్క్రూ వదులైంది. దానంతటది వదులయ్యే స్క్రూ కాదు. బిగించి, నూనె వేసి, పెట్టె సర్దుకున్నాడు.

అప్పుడే బావమరిది నెమ్మదిగా, ఎంతో ప్రేమగా, ఒక మాట అన్నాడు. "బావా, తప్పుగా అనుకోకు. పెద్దసారు అడుగుతున్నాడు. మీ బావ ఒక స్క్రూ బిగించి ఇంకోటి వదులు చేసి పోతున్నాడా, మళ్ళీ మళ్ళీ పిలవాలని, అంటున్నాడు."

ఒళ్ళు భగ్గుమంది మేస్త్రికి. ఇన్నేళ్ళుగా చెవి అరగదీసుకుని తెచ్చుకున్న పేరు. పెద్దసారంటే ఫ్యాక్టరీ ఓనరు. ఆయన నోట ఆ మాట వచ్చిందంటే ఊళ్ళో మరే ఫ్యాక్టరీ గుమ్మమూ తనని తొక్కనివ్వదు. మరి ఆ మాట పెద్దసారుదేనా, లేక ఈ వెధవ పెద్దసారు నోట్లో పెట్టిందా?

ఇంటికొచ్చి భార్య గోళ్ళరంగు సీసా అడిగాడు.

"ఈ వయసులో మీకెందుకండీ?"

"నాక్కాదు. మిషనుకి."

"పోన్లెండి. నాకు కొనేటప్పుడు మిషనుకోటి, నాకోటి కొనండి."

ఆ ఎర్రరంగుతో ఆయన ఒక ఉచ్చు పన్నాడు. మర్నాడు నూనె వేసే మిషతో షెడ్డుకెళ్ళి, మూల మిషను స్క్రూలన్నిటి మీదా, తలమీద సగం, ఇనుము మీద సగం పడేలా, చిన్న చుక్క పెట్టాడు. అదురుకి వదులైతే రంగు మెల్లగా నలుగుతుంది. చేత్తో తిప్పితే టక్కున విరిగిపోతుంది. దొంగ దొరుకుతాడు.

దొరికింది. నాలుగు రోజులకే మళ్ళీ ఫోను. వెళ్ళి చూస్తే చుక్క నిలువునా విరిగి ఉంది. స్క్రూ గాడిలో ఇత్తడి గీత ఒకటి మెరుస్తోంది. షెడ్డులో ఎవరికీ స్క్రూడ్రైవరు ఇవ్వరు. ఇత్తడి ఏమిటబ్బా అని చుట్టూ చూస్తే, పిల్ల ఒళ్ళో సంచి పట్టీ, పట్టీకి ఇత్తడి కొక్కెం. కొక్కెం అంచు అరిగిపోయి ఉంది.

పిల్ల ఆయన్నే చూస్తోంది. ఈసారి గొణగలేదు. చెయ్యి మాత్రం పెడల్ వైపు చూపించింది, నేను తొక్కుతా అన్నట్టు. ఆ చూపులో ఏముందో చూసే ఓపిక మేస్త్రికి లేదు. దొంగ దొరికిందన్న సంతోషం తలకెక్కింది. తన పేరు బతికిపోయిందన్న సంతోషం.

"ఒరే, రా ఇలా" అని బావమరిదిని కేకేసి, అందరూ వింటుండగా చెప్పేశాడు. "నీ మిషను పాడుచేస్తోంది నేను కాదు, ఈ పిల్ల. ఇదిగో రంగు, ఇదిగో కొక్కెం. వెళ్ళి మీ పెద్దసారుకి చెప్పు."

మిషన్లన్నీ ఒక్కసారి ఆగాయి.

బావమరిది అరుస్తాడనుకున్నాడు. అరవలేదు. పిల్ల వైపు చూసి చిన్నగా నవ్వాడు. "అలాగా" అన్నాడు. "సరే బావా. నువ్వెళ్ళు. నేను చూసుకుంటా."

ఆ నవ్వు మేస్త్రి వెంట ఇంటిదాకా వచ్చింది. స్కూటరు మీద వస్తుంటే వెనక సీట్లో కూర్చున్నట్టే ఉంది. తిట్టాల్సిన చోట నవ్వాడంటే ఏమిటి అర్థం?

రెండు రోజులు పోయాక మళ్ళీ ఫోను. ఈసారి మూల మిషను కాదు, దాని పక్కది. వెళ్తే మూల మిషను మీద పిల్ల లేదు. గుడ్డ కప్పి ఉంది.

"ఆ పిల్లేది?"

"వాళ్ళ ఊరికి పంపేశాం."

"ఎప్పుడు?"

"ఎప్పుడైతే ఏంటి బావా? బస్సెక్కించాను. చెయ్యూపింది కూడా."

మేస్త్రి నేల వైపు చూశాడు. చెప్పుల్లేకుండా బస్సెక్కిందా? ఈ ప్రశ్న నోటిదాకా వచ్చింది, మింగేశాడు. పక్క మిషను చూస్తే అదే రోగం. అదే స్క్రూ, అదే ఇత్తడి గీత. దాని మీద కూర్చున్నది ఒక పెద్దామె. తల నెరిసింది, చేతులు కాయలు కాసి ఉన్నాయి.

అది సరిచేసి వచ్చిన మర్నాడే మూడో మిషను. ఆ మర్నాడు గుమ్మం దగ్గరిది.

ఇప్పుడు మేస్త్రికి నిజంగా భయమేసింది. ఒక పిల్ల పాడుచేసిందంటే పెంకితనం అనుకోవచ్చు. దాన్ని పంపేశాక మిగతావాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు అదే పని చేస్తున్నారంటే? వీళ్ళకేం లాభం? మిషను ఆగితే తిట్లు తినేది వీళ్ళే. కోపమైతే సూదులు విరవొచ్చు, బెల్టు కోయొచ్చు, పట్టీలు నాశనం చెయ్యొచ్చు. అవేవీ చెయ్యట్లేదు. మేస్త్రిని పిలిస్తే తప్ప బాగుపడని ఆ ఒక్క స్క్రూనే విప్పుతున్నారు.

మేస్త్రిని పిలిస్తే తప్ప.

దారిలో స్కూటరు ఆపేసి ఓ గోడ పక్కన నిలబడ్డాడాయన. ఆ షెడ్డులోకి బయటి మనిషి ఎవరు వెళ్తున్నారు? పట్టీల్ని గేటు దగ్గరే వ్యానులోకి ఎక్కిస్తారు. సరుకులు బావమరిది తెస్తాడు. లోపలికి అడుగుపెట్టే బయటివాడు తనొక్కడే.

తర్వాతిసారి పెద్దామె మిషనే మళ్ళీ ఆగింది. బావమరిది గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఫోనులో ఏదో చూసి నవ్వుకుంటున్నాడు.

"లే" అనబోయి మేస్త్రి ఆగాడు.

పెద్దామె గట్టిగా, అందరికీ వినిపించేలా అంది. "నేను లేవను మేస్త్రీ. నేను తొక్కితేనే వస్తుంది ఆ చప్పుడు. నువ్వు తొక్కితే రాదు. కావాలంటే విను."

"సరే. తొక్కు" అన్నాడాయన. తల వంచి చెవి బల్లకి ఆనించాడు.

ఆమె పెడల్ నొక్కింది. మోటారు గొంతెత్తింది. దారం సరిచేస్తున్నట్టు ఆమె కూడా తల వంచింది. ఆమె నోటికీ ఆయన చెవికీ మధ్య జానెడు దూరం. ఆ చప్పుడులో పక్కవాడికి కూడా వినపడని గొంతుతో, ఆగకుండా చెప్పింది.

"బయటినుంచి తాళం వేస్తారు. ఆధార్ కార్డులు లాక్కున్నారు, చెప్పులు లాక్కున్నారు. వెళ్తామంటే కొడతారు. పిల్ల ఎక్కడికీ పోలేదు. వెనక ఐసు గదిలో ఉంది. నువ్వు చెప్పినప్పటినుంచీ అందులోనే ఉంది. నీకు చెప్పాలనే విప్పింది మేస్త్రీ. నువ్వు చెవి పెట్టి వింటావు కదా అని."

మోటారు ఆగింది.

మేస్త్రి తల ఎత్తలేకపోయాడు. చెవికింద బల్ల ఇంకా వణుకుతోందో, తన ఒళ్ళే వణుకుతోందో తెలియలేదు.

"ఏమైంది బావా, నిద్రపోయావా?" అన్నాడు బావమరిది కుర్చీలోంచి.

"అరిగిపోయింది" అన్నాడు మేస్త్రి. "కొత్త ముక్క వెయ్యాలి. తెస్తాను."

తెస్తాననైతే అన్నాడు. ఎక్కడినుంచి తేవాలి? పోలీస్ స్టేషనుకి వెళ్దామంటే వాళ్ళ జీపు సాయంత్రాలు పెద్దసారు గేటులోనే ఉంటుంది. లేబరాఫీసు పెద్దమనిషి కిందటేడు వచ్చి ఇంట్లో పిల్లలందరికీ తలా ఓ సంచి పట్టుకుపోయాడు. పట్టీలు గట్టిగా ఉన్నాయని మెచ్చుకున్నాడు కూడా. ఎవరికి చెప్పినా ఆ మాట తిరిగి బావమరిది చెవిన పడుతుంది. అప్పుడు ఐసు గదిలో ఒక్క పిల్ల కాదు, ఇంకా కొందరు చేరతారు. ఒకసారి నోరు జారి ఏం చేశాడో చూశాడు కదా.

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆమె వింటూ వింటూ గిన్నె ఠపీమని కింద పెట్టింది.

"మా తమ్ముడా? నా చేత్తో పెంచాను వాణ్ణి. కోపిష్టి అనండి, పోరంబోకు అనండి, ఒప్పుకుంటాను. ఆడపిల్లల్ని గదిలో పెట్టి తాళం వేసే మనిషా? మీకు ముందునుంచీ వాడంటే గిట్టదు. ఇవాళ ఇదొకటి పట్టుకొచ్చారు."

"నేను కాదు, ఆ పెద్దామె చెప్పింది."

"ఆమె చెప్తే వేదమా? రేపు మధ్యాహ్నం భోజనానికొస్తాడుగా. నేనే అడుగుతా."

"నీకు దణ్ణం పెడతాను, అడక్కు!"

వాడు వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, అక్క వడ్డిస్తుంటే తిన్నాడు, జోకులేశాడు. ఆమె మజ్జిగ పోస్తూ, ఏదో ఇంటి సంగతి అడిగినట్టు అడిగింది.

"ఒరే, మీ షెడ్డులో ఆడవాళ్ళు చెప్పులెక్కడ పెట్టుకుంటార్రా? మీ బావ అంటున్నారు, గుమ్మం దగ్గర ఒక్క జతా ఉండదని."

"వాళ్ళకి చెప్పులెందుకక్కా?" అన్నాడు నోటినిండా అన్నంతో. "చెప్పులుంటే పారిపోరూ?"

అని నవ్వాడు. ఆమె చేతిలో మజ్జిగ గిన్నె అలాగే ఉండిపోయింది. నవ్వుతూ నవ్వుతూ అక్క మొహం చూసి ఆపేశాడు.

"జోకే అక్కా."

"తెలుసులేరా. తిను" అంది ఆమె. ఇంకో ముద్ద వెయ్యలేదు.

వాడు చెయ్యి కడుక్కుని గుమ్మంలోకొస్తే చెప్పుల్లేవు.

"అక్కా, నా చెప్పులేవి?"

"వెతుక్కో."

"ఆటలేంటి, ఎండ మండిపోతోంది!"

"ఎంత దూరం పోగలవో చూద్దామని" అంది ఆమె. "పో. అలాగే పో."

వాడు అక్క వైపు చూశాడు, బావ వైపు చూశాడు. ఆ చూపులో ఇక నవ్వు లేదు. కాలే సిమెంటు మీద ఎగురుకుంటూ బండి దాకా పోయాడు. చెప్పులు బియ్యం డబ్బా వెనక ఉన్నాయి.

"నీ కోపం రెండు రోజులు దాచుకోలేకపోయావా?" అని తల పట్టుకున్నాడు మేస్త్రి. "వాడికి అనుమానమొచ్చింది. ఇక నన్ను గేటు కూడా దాటనివ్వడు."

"మరి నన్నేం చెయ్యమంటారు? ఇంకో చెంబు మజ్జిగ పొయ్యమంటారా?" అని ఆమె ఏడ్చింది.

అనుకున్నట్టే అయింది. షెడ్డునుంచి ఫోన్లు ఆగిపోయాయి. మిషన్లన్నీ హఠాత్తుగా బాగుపడిపోయాయన్నమాట. బదులుగా పెద్దసారునుంచి కబురొచ్చింది. రేపు తనిఖీ, పొద్దున్నే పెద్ద బిల్డింగుకి రమ్మని.

తనిఖీ అంటే ఇలా ఉంటుంది. సంచులు కొనే పెద్ద కంపెనీ మనిషిని పంపిస్తుంది, తమ సరుకు చెమటతో తయారైందా, కన్నీళ్ళతో తయారైందా చూసి రమ్మని. ఫలానా రోజు వస్తున్నామని ముందే చెప్పి మరీ పంపిస్తుంది. చెప్పి వచ్చే తనిఖీకన్నా చుట్టపుచూపు నయం. చుట్టాలు కనీసం వంటింట్లోకి తొంగిచూస్తారు. మేస్త్రి వెళ్ళేసరికి గోడకి కొత్త కాయితాలు అంటిస్తున్నారు. 'ఇక్కడ ఎవరినీ బలవంతంగా పని చేయించరు. ఇబ్బంది ఉంటే ఈ నంబరుకి ఫోను చేయండి.' జిగురు ఇంకా కారుతోంది. సూపర్‌వైజరు ఒక్కొక్కరి దగ్గరా ఆగి, అడిగితే ఏం చెప్పాలో వల్లె వేయిస్తున్నాడు. "సంతోషంగా ఉన్నామని చెప్పేటప్పుడు కాస్త సంతోషంగా మొహం పెట్టమ్మా, మీ అత్తగారు పోయినట్టుందేంటి?"

"అది పోతే ఇంకా సంతోషంగా ఉండేదాన్ని సార్" అంది కుట్టేమనిషి. నవ్వులు.

పెద్దసారు మేస్త్రిని పక్కకి పిలిచి భుజం మీద చెయ్యేశాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ వెయ్యని చెయ్యి.

"మేస్త్రీ, మీరు మా ఇంటి మనిషి. మీ బావమరిది ఏదో చెప్పాడు, నేను నమ్మలేదు. ఒకవేళ పట్టీల సంగతి అడిగితే, ఆ మిషన్లు రిపేరుకి పోయాయి అనండి. మీ నోటినుంచి వస్తే నమ్ముతారు. ఫ్యాక్టరీ మిషన్లన్నీ ఇక మీ చేతికిందే."

మేస్త్రి తలూపాడు. ఒప్పుకుని ఊపాడో, భుజం మీద చెయ్యి పోవాలని ఊపాడో ఆయనకే తెలియదు.

తనిఖీ మేడం వచ్చింది. చెవుల మేస్త్రి ఆమెని ముందునుంచీ నమ్మలేదు. పెద్దసారు ఇచ్చిన టీ తాగింది. ఆయన జోకుకి నవ్వింది. గోడమీది కాయితాన్ని ఫోటో తీసుకుంది. ఇదీ వీళ్ళ మనిషే, ఈమెకి చెప్తే సాయంత్రానికి పెద్దసారు బల్లమీద ఉంటుంది ఆ మాట, అనుకున్నాడు. మిషన్ల వెనక నూనెగుడ్డతో ఒకే చోటు తుడుస్తూ నిలబడ్డాడు.

ఆమె లైన్ల వెంట నడిచింది. నడుస్తూ తయారైన సంచి ఒకటి ఎత్తి, పట్టీ లాగి చూసింది. మళ్ళీ లాగింది. చుట్టూ ఉన్న మిషన్ల వైపు చూసింది.

"ఈ పట్టీల దారం లావు. ఇక్కడున్నవన్నీ సన్నదారం మిషన్లు. ఇవెక్కడ కుట్టారు?"

పెద్దసారు తడబడలేదు. "ఇక్కడే మేడం. ఆ మిషన్లు రిపేరుకి పోయాయి. అదిగో, మా మేస్త్రి. అడగండి."

అందరూ ఇటు తిరిగారు. బావమరిది గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, కొత్త చెప్పులు వేసుకుని. కళ్ళతోనే బతిమాలాడు, కళ్ళతోనే బెదిరించాడు.

"రిపేరుకి పోయాయా?" అని అడిగింది మేడం.

మేస్త్రి నూనెగుడ్డ బల్ల మీద పెట్టాడు. ఈమె వాళ్ళ మనిషే అయితే? ఇక్కడ నాటకం నడిచి, తను రోడ్డున పడి, ఐసు గది తాళం అలాగే ఉండిపోతే? చెవిలో చెప్తే ఆ మాట మాయమవుతుంది. అందుకే చెవిలో చెప్పలేదు. లైన్లన్నీ వినేలా, మిషన్ల మీద అరిచే గొంతుతో అరిచాడు.

"రిపేరేం లేదండీ! నిక్షేపంలా నడుస్తున్నాయి. పాత ఐసు ఫ్యాక్టరీలో. ఆడవాళ్ళని లోపల పెట్టి బయట తాళం వేసి కుట్టిస్తున్నారు. రండి, చూపిస్తా."

పెద్దసారు నవ్వబోయాడు. "మేడం, ఈయనకి కాస్త మతి..."

"ఎంత దూరం?" అంది ఆమె మేస్త్రితో.

"వచ్చేసారి తప్పకుండా చూద్దాం మేడం, ఇవాళ అది సెలవు..."

"మీరు ఇప్పుడు రాకపోతే సాయంత్రానికి అక్కడ మనుషులుండరమ్మా. గోడలుంటాయి" అన్నాడు మేస్త్రి.

గుమ్మం దగ్గర బావమరిది లేడు. బయట మోటారుసైకిలు చప్పుడు. ఆ చప్పుడు విన్నాకే మేడం మొహం మారింది. "ఎక్కండి" అంది.

కారులో ఆమె ఎవరెవరికో ఫోన్లు చేసింది, జిల్లా పెద్ద ఆఫీసుకి, తన కంపెనీకి. పెట్టేసి, "ఆ నంబరుకి ఒక్కసారి ఫోను చేసి ఉండొచ్చు కదా?" అంది.

"ఆ నంబరు ఇవాళ పొద్దున అంటించారమ్మా. ఇంకా జిగురు ఆరలేదు."

మేస్త్రి ఆమె చేతుల్నే చూస్తూ కూర్చున్నాడు, ఫోనులో నిజంగానే మాట్లాడిందా, ఉత్తినే నటించిందా అని.

షెడ్డు గేటు ముందు బావమరిది చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు. వెనక తలుపుకి తాళం.

"ఇది గోడౌను మేడం. పాత సామాను. తాళంచెవి నా దగ్గర లేదు. లోపల ఎవ్వరూ లేరు."

"బావా," అన్నాడు తర్వాత, చిన్నప్పటి గొంతుతో. "అక్క మొహం చూసైనా ఆగు."

"అక్కే పంపింది రా" అన్నాడు మేస్త్రి.

అది అబద్ధం. కానీ వాడు నమ్మాడు. పక్కకి జరగలేదు గాని, మేడం తనని దాటుకుని తలుపు దగ్గరికి పోతుంటే ఆపలేదు.

మేడం తలుపు మీద కొట్టింది. జవాబు లేదు. ఆ గోడల్లోంచి ఏ గొంతు వస్తుంది? మేస్త్రి తలుపుకి చెవి ఆనించాడు. మొదట ఏమీ లేదు. తర్వాత ఎక్కడో ఒక మోటారు. ఇంకోటి. ఇంకోటి. చూస్తుండగా షెడ్డంతా హోరెత్తింది. తలుపు రేకు గజగజలాడింది. కింద గుడ్డ లేకుండా, దారం లేకుండా, ఉత్త సూదుల్ని ఇనుము మీద పరిగెత్తిస్తున్నారు. ఏ మేస్త్రి విన్నా, ఆపండి, మిషన్లు చచ్చిపోతాయి అని అరిచే చప్పుడది.

"వినండమ్మా" అన్నాడు. "ఎవ్వరూ లేరట."

మేడం తన చెవి కూడా ఆనించింది. అక్కర్లేకపోయింది నిజానికి. డ్రైవరుకి కూడా వినిపిస్తోంది.

తాళం పగలగొట్టే సామాను లేదు. మేస్త్రి పెట్టె తెరిచాడు. తాళం గట్టిదే, తలుపుకి దాన్ని పట్టించిన గొళ్ళెం మాత్రం స్క్రూలతో బిగించింది. కొక్కెం అంచుతో విప్పడానికి ఆ పిల్లకి ఎంతసేపు పట్టి ఉంటుందో, వేళ్ళు ఎంత కోసుకుపోయి ఉంటాయో, ఇప్పుడు తెలుస్తోంది ఆయనకి. చేతిలో మంచి స్క్రూడ్రైవరు ఉండి కూడా ఆయన వేళ్ళు జారిపోతున్నాయి.

తలుపు తెరిచాక ఆడవాళ్ళు ఒక్కసారిగా బయటికి పరిగెత్తలేదు. వెలుతురుకి కళ్ళు చికిలించి, కారునీ మేడంనీ చూస్తూ లోపలే నిలబడ్డారు. ఇది కూడా ఏదో ఎత్తేమోనన్నట్టు. ముందు కదిలింది పెద్దామె. బావమరిది వైపు తిరిగి కూడా చూడకుండా, గుమ్మం పక్కనున్న చిన్న గది తలుపుని కాలితో తన్నింది. లోపల చెప్పులు, గుట్టగా, దుమ్ము పట్టి. ఆడవాళ్ళు ఆ గుట్ట మీద పడ్డారు. జతలు కలవక కొట్లాడుకుంటున్నారు, ఏడుస్తున్నారు, "అది నాది, నీలం బొత్తం నాది" అని అరుచుకుంటున్నారు.

మేస్త్రి షెడ్డు లోపల వెనకవైపుకి పరిగెత్తాడు. ఐసు గది తలుపు మందంగా, నిలువెత్తు ఇనుప పిడితో. పిడి బయటవైపే ఉంది. లాగాడు.

పిల్ల మూలన మోకాళ్ళు పొట్టకి ముడుచుకుని కూర్చుంది. బతికే ఉంది. పక్కన ఖాళీ నీళ్ళ డబ్బా. చెంప మీద కమిలిన గుర్తు.

"రా అమ్మా" అన్నాడాయన. "రా. తాళం తీశాం. అందరూ బయటే ఉన్నారు."

పిల్ల కదల్లేదు. ఆయన మొహం చూసింది. ఆయన చేతిలో స్క్రూడ్రైవరు చూసింది. ఇంకా మూలకి ఒదిగింది.

"తప్పైపోయింది. నేను... నువ్వు చెప్పాలని..."

"పెద్దమ్మని పిలు" అంది. గొంతు బొంగురుపోయింది. "నువ్వు పిలిస్తే నేను రాను."

మనుషుల్ని అనుమానించడం ఆయనకి కొత్త కాదు. జీవితమంతా అదే పని. తనని చూసి ఒకరు అలా గోడకంటుకుపోవడమే కొత్త. వెళ్ళి పెద్దామెని పిలుచుకొచ్చాడు. ఆమె ఒక చేతిలో చిన్న జత చెప్పులు పట్టుకుని లోపలికెళ్ళింది. ఏదో చెప్పింది నెమ్మదిగా. పిల్ల చెప్పులు తీసుకుని, తనవేనా కాదా అని తిప్పి తిప్పి చూసుకుని, వేసుకుంది. లేచి గుమ్మం దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

గుమ్మం పక్కన మేస్త్రి ఉన్నాడు.

పెద్దామె ఆయన వైపు చూసి చేత్తో జరగమని సైగ చేసింది. ఆయన జరిగాడు. ఇంకా జరగమంది. బయట ఎవరివో జీపుల చప్పుడు వినిపిస్తోంది, బావమరిది ఎవరికో ఫోనులో వాదిస్తున్నాడు. మేస్త్రి మిషన్ల మధ్యనుంచి వెనక్కి వెనక్కి నడిచి, గుడ్డ కప్పిన మూల మిషను దాకా వెళ్ళి, గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు.

అప్పుడు గాని ఆ పిల్ల బయటికి అడుగు పెట్టలేదు.